బడి విడిచినా టీచర్‌గానే: హైదరాబాద్ ఉపాధ్యాయులు వృత్తి మారేటప్పుడు అనుసరించవలసిన మెట్లు

మన ఊళ్ళో చదువు చెప్పేవారిని పేరుతో పిలిచేవారు తక్కువ. బడిలో టీచర్, వీధిలో టీచర్, కూరగాయల బండి దగ్గర టీచరమ్మ. పదేళ్ళు గడిచేసరికి ఆ పిలుపే మన పేరైపోతుంది. ఇతర ఉద్యోగాలు చేసేవారు పని మారితే జీతం, ఆఫీసు మారుతాయి. ఉపాధ్యాయులు మారితే దానితోపాటు ఒక పిలుపు, దాని చుట్టూ అల్లుకున్న మనుషులు కూడా దూరమవుతారేమోనన్న బెంగ పట్టుకుంటుంది. అందుకే ఇక్కడ సర్టిఫికెట్లు, గ్రాట్యుటీ వంటి విషయాలకు ఎంత చోటు ఇచ్చానో ఆ బెంగకూ అంత చోటు ఇచ్చాను.

నేను దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో 14 ఏళ్ళు గణితం బోధించి, తరువాత మాదాపూర్‌లో ఒక సంస్థ శిక్షణ విభాగంలో పాఠాలు తయారుచేసే పనిలో చేరాను. నాకు తోవ చూపినవారు తక్కువ. తెలిసి ఉంటే బాగుండేదని తరువాత అనిపించినవన్నీ, అవసరమయ్యే వరుసలోనే రాస్తున్నాను.

మొదటి మెట్టు: విడిచిపెట్టాలనుకుంటున్నది ఏమిటో తేల్చుకోవడం

"ఇక నా వల్ల కాదు" అనే మాట స్టాఫ్‌రూముల్లో ఎక్కువగా మార్చిలో వినిపిస్తుంది. పదో తరగతి పరీక్షలు, ఇన్విజిలేషన్, కింది తరగతుల సిలబస్, వాటికి తోడు చాలా ప్రైవేటు బడుల్లో వచ్చే ఏడాది అడ్మిషన్ల కోసం కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, అన్నీ ఒకేసారి మీద పడే నెల అది. ఆ నెలలో నిర్ణయం తీసుకోవద్దు. రోజులు మామూలుగా సాగే జూలైలోనో నవంబరులోనో రెండు వారాలపాటు ఒక చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకుని, ప్రతి పీరియడ్ తరువాత ఏం చేశారో, అది చేశాక ఒంట్లో బలం పెరిగిందో తగ్గిందో రెండు ముక్కల్లో రాసుకోండి.

నా నోటుబుక్కు నన్నే ఆశ్చర్యపరిచింది. పిల్లల అల్లరి నన్ను అలసిపోయేలా చేస్తోందని అప్పటిదాకా నమ్మాను. తీరా చూస్తే అల్లరి ఎక్కువగా ఉండే సెక్షన్ పక్కనే "బలం" అని ఎక్కువసార్లు రాసి ఉంది. నన్ను పిండేసినవి వేరు: ఒకే మార్కులను మూడు రిజిస్టర్లలో ఎక్కించడం, ఫీజు కట్టని పిల్లల పేర్లు తరగతిలో చదవమనడం, అడ్మిషన్ల తిరుగుడు. ఒక్క భావనను ఐదు రకాలుగా విడమరచి చెప్పే పని మాత్రం ఏ రోజూ బరువనిపించలేదు. అంటే నేను వదులుకోవాలనుకున్నది బోధన కాదు, దాని చుట్టూ పేరుకున్న తక్కిన పనులు.

రెండు వారాలు గడిచాక మీ రాతను చూసి ఒక ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి: బడి మారితే సరిపోతుందా, పని మారాలా, లేక బోధనే వద్దా? మొదటిదైతే ఈ మెట్లలో చాలావాటితో మీకు పని లేదు, మంచి బడి వెతుక్కుంటే చాలు. మూడోదైనా తప్పేమీ కాదు. చెప్పే పని మీద మనసు విరిగినవారు తమను తాము నిందించుకుంటూ తరగతిలో నిలబడితే పిల్లలకూ మేలు జరగదు.

రెండో మెట్టు: చేసిన పనిని బయటివారికి అర్థమయ్యేలా రాయడం

చాలామంది ఉపాధ్యాయుల రెజ్యూమె "గణిత ఉపాధ్యాయురాలు, 14 సంవత్సరాలు" అనే ఒక్క వరుసతో ముగుస్తుంది. బడి బయట ఉన్నవారికి ఆ వరుస వెనుక ఏం ఉందో తెలియదు, మనమూ చెప్పం. మనకు అది రోజూ చేసే పని కాబట్టి అదొక నైపుణ్యమని తోచదు.

లెక్కగా చూద్దాం. సెక్షన్‌కు 40 మంది చొప్పున 5 సెక్షన్లంటే 200 మంది పిల్లలు. మన రాష్ట్రంలో ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (మధ్యమధ్య జరిగే చిన్న పరీక్షలు), రెండు ఎస్‌ఏలు (టర్ము చివరి పెద్ద పరీక్షలు). అంటే ఒక్క ఏడాదిలో 1,200 సార్లు ఒక మనిషి పనిని పరిశీలించి, ఎక్కడ తప్పిందో గుర్తించి, ఏం చేయాలో చెప్పారన్నమాట. ప్రతి ఎఫ్‌ఏ తరువాత ఏ ప్రశ్నను ఎక్కువమంది తప్పు చేశారో చూసుకుని మరుసటి వారం పాఠాన్ని మార్చుకోవడం మీకు అలవాటే. ఆ పనినే శిక్షణ సంస్థలు మూల్యాంకన విశ్లేషణ అని, పాఠ్య రూపకల్పన అని పిలుస్తాయి. పాఠ్య ప్రణాళిక రాయగలిగినవారికి ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్లు, అంటే శిక్షణ పాఠాలకు రూపమిచ్చేవారు, తయారుచేసే స్టోరీబోర్డు (తెరమీద పాఠం ఏ వరుసలో రావాలో చూపే నమూనా) కొత్త వస్తువు కాదు. లక్ష్యం, ముందు తెలిసి ఉండాల్సినవి, వివరణ, అభ్యాసం, పరీక్ష, ఈ వరుస రెండింటిలోనూ ఒకటే. తెరమీద ఏ బొమ్మ కనిపించాలి, ఎప్పుడు కనిపించాలి అన్నది మాత్రమే కొత్తగా నేర్చుకోవాలి.

అందుచేత ఒక కాగితాన్ని నిలువునా రెండుగా మడిచి, ఎడమవైపు బడిలో చేసిన పనిని బడి మాటల్లోనే, కుడివైపు అదే పనిని బడి మొహం చూడని మీ తమ్ముడికి చెప్తున్నట్టు రాయండి. "పేరెంట్స్ మీటింగ్ నిర్వహణ" అని ఎడమవైపు ఉంటే, కుడివైపు "పిల్లవాడు వెనకబడిన సంగతిని కోపంగా వచ్చిన తండ్రికి నొప్పించకుండా చెప్పి, ఇంట్లో చేయాల్సిన రెండు పనులకు ఆయనను ఒప్పించడం" అని రావాలి. కుడివైపు వాక్యాలే మీ రెజ్యూమెకు ముడిసరుకు. వాటిలో లేనిది ఒక్కటీ చేర్చవద్దు, ఉన్నది ఒక్కటీ తగ్గించవద్దు.

దీనితోపాటు ఒక నమూనా పని తయారుచేసుకోండి. మీకు బాగా పట్టున్న ఒక్క భావన మీద ఐదు నిమిషాల పాఠం, పది స్లైడ్లు, చివర ఐదు ప్రశ్నలు చాలు. నన్ను పనిలోకి తీసుకున్నవారు నా సర్టిఫికెట్లు చూడటానికి ముందు ఆ పది స్లైడ్లే అడిగారు.

మూడో మెట్టు: మన మాటను దాచుకోకుండా ఇంటర్వ్యూకు వెళ్ళడం

ఈ మెట్టు మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే నేను జారిపడింది ఇక్కడే.

మా ఇంట్లో మాట్లాడేది తెలంగాణ తెలుగు. తరగతిలో పుస్తకాల తెలుగు, ఇంగ్లీషు కలిపి మాట్లాడేదాన్ని. కానీ వెనక బెంచీవాళ్ళ ముఖాల్లో ఏమీ తెలియలేదని కనిపించినప్పుడు మాత్రం "ఇటు చూడుండ్రి, ఇప్పుడు సమజైతది" అంటూ ఇంటి మాటలోకి జారిపోయేదాన్ని. తరగతి నిజంగా కదిలేది అప్పుడే. అయినా అన్నేళ్ళూ దాన్ని నా లోపంగానే లెక్కవేసుకున్నాను. ఉద్యోగం మారాలనుకోగానే నేను చేసిన మొదటి పని, ఆ మాటను పూర్తిగా అణచిపెట్టి, నాది కాని ఇంగ్లీషును అద్దం ముందు వల్లె వేయడం.

ఇంటర్వ్యూలో, కొత్తగా చేరిన కస్టమర్ సర్వీసు సిబ్బందికి చక్రవడ్డీ గురించి పది నిమిషాల్లో చెప్పినట్టుగా చెప్పి చూపించమన్నారు. వల్లె వేసిన ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండో నిమిషానికే ఆగిపోయాను. ఎదురుగా కూర్చున్న ముగ్గురి ముఖాల్లో నా వెనక బెంచీ కనిపించింది. "తెలుగు కలిపి చెప్పవచ్చా?" అని అడిగి, మార్కర్ తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళాను. మన బస్తీల్లో అప్పు మాట్లాడేది నూటికి రెండు రూపాయల లెక్కన. లక్ష రూపాయలు తీసుకుని నెలనెలా వడ్డీ కట్టేస్తే ఏడాదికి 24,000 అవుతుంది. కట్టకుండా వదిలేస్తే ఆ వడ్డీ అసలులో కలిసి, దాని మీద మళ్ళీ వడ్డీ పడుతుంది. మొదటి నెల 2,000, రెండో నెల 2,040, మూడో నెల 2,080 రూపాయల 80 పైసలు. పన్నెండు నెలలు తిరిగేసరికి అప్పు 1,26,824 రూపాయలకు చేరుతుంది. "ఆ 2,824 రూపాయలు ఎవరూ మాట్లాడుకోనివి, కానీ కట్టాల్సినవి" అని చెప్పి వెనక్కి తిరిగేసరికి ముగ్గురిలో ఒకాయన తన ఫోనులో లెక్క సరిచూసుకుంటున్నారు. ఉద్యోగం వచ్చింది ఆ బోర్డు మీద రాసిన పన్నెండు వరుసలకేనని తరువాత వారే చెప్పారు.

ఇంగ్లీషు అవసరం లేదని నేను అనడం లేదు. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో మెయిల్ రాయడానికి, సమావేశంలో మాట్లాడటానికి అది కావాలి, దాన్ని సాధన చేయండి. కాని మీ విషయాన్ని మీరు ఏ భాషలో, ఏ యాసలో బలంగా చెప్పగలరో ముందే తెలుసుకుని, ఆ మాటకు ఇంటర్వ్యూలో కొంచెం చోటు అడగండి. అందుకు ఇంట్లో చేయగలిగిన సాధన ఒకటుంది. ఒకే భావనను ఇంగ్లీషులో ఒకసారి, మీ ఇంటి మాటలో ఒకసారి ఫోనులో రికార్డు చేసి, మరునాడు రెండూ వినండి. ఉదాహరణలు ఎక్కడ వాటంతట అవే వచ్చాయో మీ చెవికే తెలిసిపోతుంది. కట్టుబొట్టు, ఆహారం, మతాచారం విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. రోజూ నేత చీర కట్టుకుని బడికి వెళ్ళినవారు ఇంటర్వ్యూకూ అలాగే వెళ్ళండి. వేరే వేషంలో సంపాదించిన ఉద్యోగంలో ఆ వేషాన్ని రోజూ మోయాల్సి వస్తుంది.

నాలుగో మెట్టు: ఏ దారి పట్టాలో చూసుకోవడం

ఉపాధ్యాయుల నైపుణ్యానికి దగ్గరగా ఉన్న దారులు మన నగరంలో చాలానే ఉన్నాయి. మాదాపూర్, గచ్చిబౌలి సంస్థల్లో శిక్షణ విభాగాలు, పాఠ్యపుస్తకాల ప్రచురణ, ఆన్‌లైన్ పాఠాల తయారీ, అనువాదం, స్వచ్ఛంద సంస్థల్లో విద్యా కార్యక్రమాలు వీటిలో కొన్ని. అనువాదం, భాషాశాస్త్రం వైపు మొగ్గు ఉన్నవారు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రాన్ని, తార్నాకలోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయాన్ని (ఇఫ్లూ) చూడవచ్చు. ఉద్యోగం మానకుండా చదవాలనుకుంటే 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేయాలనుకునేవారు మాత్రం ఒక విషయం గుర్తుంచుకోవాలి. ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులుగా, క్లినికల్ సైకాలజిస్టులుగా పనిచేయడానికి 1992 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు తప్పనిసరి. మండలి గుర్తించిన కోర్సులను సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ నడుపుతోంది. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సుతో ఆ పనిలోకి రావచ్చని ఎవరైనా చెబితే డబ్బు కట్టకండి.

సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునే మహిళలకు 2018లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన, మహిళల వ్యాపారాలకు తోడ్పడే సంస్థ వీ హబ్ ఉంది.

ఐదో మెట్టు: కాగితాలు, డబ్బు

ముందుగా కాలం చూసుకోండి. మన రాష్ట్రంలో సాధారణంగా ఏప్రిల్ 23తో విద్యా సంవత్సరం ముగిసి, జూన్ 12న బడులు తెరుచుకుంటాయి. మధ్యలో మానితే పిల్లలు నష్టపోతారు, మీకూ మంచి మాటతో బయటపడే వీలుండదు. నియామక పత్రంలో నోటీసు గడువు ఎంత రాశారో చూసి, దానికి తగినట్టు రాజీనామా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కొన్ని ప్రైవేటు బడులు మే నెల జీతాన్ని జూన్‌లో తిరిగి చేరినవారికే ఇస్తాయి. మీ బడి పద్ధతి ఏమిటో ముందే తెలుసుకుని, దాన్ని ఖర్చుల లెక్కలో కలుపుకోండి.

ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు గ్రాట్యుటీ హక్కు ఉందన్న సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు. 2004లో సుప్రీంకోర్టు ఉపాధ్యాయులు 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలోని 'ఉద్యోగి' నిర్వచనంలోకి రారని తీర్పు చెప్పింది. 2009లో పార్లమెంటు ఆ నిర్వచనాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా చేసింది. ప్రైవేటు పాఠశాలలు దాన్ని సవాలు చేయగా, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చింది. ఆఖరు నెల వేతనాన్ని, అంటే ప్రధానంగా మూల వేతనం, కరవు భత్యం కలిపిన మొత్తాన్ని, 26తో భాగించి, 15తో, ఆపైన సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేస్తే వచ్చేదే గ్రాట్యుటీ. ఆ మొత్తం 26,000 అయి, 12 ఏళ్ళు పనిచేసి ఉంటే 1,80,000 రూపాయలు వస్తాయి. ఉద్యోగం మానేటప్పుడు ఇది అందాలంటే సాధారణంగా ఐదేళ్ళ నిరంతర సర్వీసు ఉండాలి. కాబట్టి నాలుగున్నరేళ్ళు నిండినవారు తొందరపడి మానవద్దు.

పీఎఫ్ డబ్బును వెంటనే తీసుకోవాలన్న ఆశ కలుగుతుంది. ఆగండి. కొత్త సంస్థలోనూ పీఎఫ్ ఉంటే పాత ఖాతాను అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కింద బదిలీ చేసుకుంటే సర్వీసు కలుస్తుంది. పింఛను పథకంలో పదేళ్ళ సర్వీసు నిండినవారికి 58వ ఏట పింఛను హక్కు వస్తుంది.

సర్టిఫికెట్ల విషయంలో నాకు జరిగినది చెప్పాలి. చేరేటప్పుడు బీఈడీ ఒరిజినల్ ఆఫీసులో ఇవ్వమన్నారు, ఇచ్చాను. మానేటప్పుడు దాన్ని తిరిగి ఇవ్వడానికి "వేరే టీచర్ దొరకనివ్వండి" అంటూ ఆరు వారాలు తిప్పారు. చివరికి తేదీ వేసి ఉత్తరం రాసి, ఒక ప్రతి మీద అందినట్టు ముద్ర అడిగిన రోజు ఒరిజినల్ నా చేతికి వచ్చింది. మొదటి రోజే అలా రాసి ఇచ్చి ఉంటే ఆరు వారాల నిద్ర మిగిలేది. అనుభవ ధ్రువపత్రంలో మీరు చెప్పిన తరగతులు, సబ్జెక్టులు, చేరిన తేదీ, మానిన తేదీ స్పష్టంగా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదువుకోండి.

ప్రభుత్వ ఉపాధ్యాయుల నియమాలు వేరు. వారికి స్వచ్ఛంద పదవీ విరమణ కావాలంటే 20 ఏళ్ళ అర్హత సర్వీసు నిండాలి.

ఆరో మెట్టు: పిల్లలను అప్పగించి రావడం

చాలామంది దాటేసే మెట్టు ఇది. చెబితే పిల్లలు బాధపడతారని, తల్లిదండ్రులు గొడవ చేస్తారని ఆఖరి రోజు దాకా దాచి, సెలవుల తరువాత కనబడకుండా పోతారు. జూన్‌లో వచ్చిన పిల్లవాడు కొత్త టీచర్‌ను చూసి, తన వల్లే పాత టీచర్ వెళ్ళిపోయిందేమోనని అనుకునే అవకాశం ఉంది, ముఖ్యంగా తరచు తిట్లు తిన్నవాడు. యాజమాన్యానికి తెలియజేసి, ఆఖరి పని దినానికి ఓ వారం ముందు, మీ నోటితో మీరే, ప్రతి సెక్షన్‌లోనూ చెప్పండి. ఎందుకు వెళ్తున్నారో రెండు నిజమైన వాక్యాలు చాలు. బడి మీద ఫిర్యాదులు పిల్లల ముందు వద్దు.

తరువాత అప్పగింత కాగితం రాయండి. ఒక్కొక్కరి గురించి రెండేసి వాక్యాలు, మార్కులు కాకుండా, మీ తరువాత వచ్చేవారికి ఆర్నెల్లు పట్టే సంగతులు. నేను తొమ్మిదో తరగతి బి సెక్షన్ గురించి రాసినవి ఇలా ఉన్నాయి: "బోర్డు దగ్గరికి పిలిస్తే నోరు పెగలదు, బెంచీ దగ్గరికి వెళ్ళి అడిగితే అన్నీ చెప్తాడు." "రుణ సంఖ్యల దగ్గర ఆగిపోయింది. అప్పు, పొదుపు ఉదాహరణతో కదిలింది." "అమ్మకు రాత్రి డ్యూటీ, సాయంత్రం నాలుగు దాటాకే ఫోన్ చేయాలి." 42 మందికి రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. నేను వెళ్తున్నానని చెప్పిన రోజు ఒక అమ్మాయి, "కొత్త టీచర్ కూడా పచ్చ పెన్నుతోనే దిద్దుతారా?" అని అడిగింది. ఎర్ర సిరా చూస్తే పిల్లలు బెదురుతారని నేను ఎప్పుడో పచ్చ పెన్నుకు మారాను, ఎవరైనా గమనించారని నాకు తెలియదు. కాగితం చివర దాన్నీ చేర్చాను. మీరు పిల్లలకు ఏ గుర్తుతో తెలుసో వారినే అడగండి. మీ అంతట మీకు తోచని జవాబులు వస్తాయి.

పిల్లలకు మీ సొంత నంబరు ఇవ్వవద్దు. కలవాలనుకుంటే తల్లిదండ్రుల ద్వారా మాట్లాడమనండి. తోటి ఉపాధ్యాయులతో మాత్రం నెలకొక్కసారైనా కలిసి భోంచేసే ఏర్పాటు బడి వదిలే ముందే చేసుకోండి. పదేళ్ళు ఒకే బల్ల మీద టిఫిన్ డబ్బాలు పంచుకున్న స్నేహం వాట్సాప్ శుభాకాంక్షలతో నిలవదు. మాది ప్రతి నెలా రెండో శనివారం, కొత్తపేటలో ఒకరి ఇంట్లో, ఎవరి డబ్బా వారిదే.

ఏడో మెట్టు: కొత్త చోట మొదటి మూడు నెలలు

మొదటి రోజే ఇరవై ఆరేళ్ళ టీమ్ లీడ్ నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఆఫీసుల్లో అది మామూలు విషయమని తెలిసినా, పద్నాలుగేళ్ళుగా అమ్మ, తోబుట్టువులు తప్ప ఎవరూ అలా పిలవకపోవడంతో ఒక్క క్షణం ఎవరినో పిలుస్తున్నాడనుకున్నాను. ఆ ఇబ్బందిని అవమానంగా తీసుకోవద్దు, అలవాటు కావడానికి నెల పడుతుంది. ఇంకొకటి, గంట మోగదు. 45 నిమిషాలకోసారి లేచే ఒంటికి మూడు గంటలు కుర్చీలో కూర్చోవడం కష్టం. ఫోనులో పీరియడ్ల లెక్కనే అలారం పెట్టుకుని లేచి నడవండి.

తెలియనిది అడగడానికి సిగ్గుపడవద్దు. తరగతిలో "అర్థం కాకపోతే అడగండి" అని వేలసార్లు అన్నవాళ్ళం మనం. నేను స్ప్రెడ్‌షీట్లు నేర్చుకున్నది నా మాజీ విద్యార్థుల వయసున్న అమ్మాయి దగ్గర. అందుకు బదులుగా నేను ఆమెకు పదిమంది ముందు నిలబడి మాట్లాడటం నేర్పాను. ఆఫీసులో తోటివారు రాసిన పాఠాల ముసాయిదాల మీద నా సూచనలు ఇప్పటికీ పచ్చ రంగులోనే ఉంటాయి.

బోధన మీద ఇష్టం చావనివారు వారానికి ఒక్క గంట దానికి కేటాయించండి. కొత్త జీతం కుదుటపడేదాకా ఆగవద్దు, మొదటి నెలలోనే మొదలుపెట్టండి. ఆగితే ఆదివారాలు వేరే పనులతో నిండిపోతాయి. మీ ఇంటికి దగ్గరి బస్తీలో ఒక గది, ఒక బోర్డు, ఆరుగురు పిల్లలు సరిపోతారు.

చివరిగా ఒక జవాబు సిద్ధం చేసుకోండి. మన ఊళ్ళో పాత విద్యార్థులు ఎక్కడో ఒకచోట ఎదురవుతూనే ఉంటారు, ఎదురైన ప్రతివారూ అడిగేది ఒకటే: "ఇప్పుడు ఎక్కడ చెప్తున్నరు టీచర్?" చేరిన కొత్తలో అమీర్‌పేట మెట్రోలో రైలు మారుతుండగా ఒక అబ్బాయి ఇలా అడిగితే తడబడి, మానేశానని గొణిగి, తలవంచుకుని వచ్చేశాను. ఆ రాత్రి కూర్చుని జవాబు రాసుకున్నాను. మరుసటి నెల అదే అబ్బాయి కనిపించినప్పుడు, "మాదాపూర్‌ల పెద్దోళ్ళకు పాఠాలు రాస్తున్న. ఆదివారం పది గంటలకు మా గల్లీల పిల్లలకు లెక్కలు చెప్త" అన్నాను. వాడు తన చెల్లెల్ని పంపించాడు. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి, పోయిన ఆదివారం త్రికోణమితి మొదలుపెట్టాం.